ఇంగ్లండ్ తీరంలో పాత ఇన్నులో బస: ఏ తీరం, ఎవరి ఇన్ను, ఏ గది

ఇంగ్లండ్ తీరం వెంబడి ఉన్న పాత ఇన్నులన్నీ, అంటే కింద పబ్బు, పైన బస గదులున్న కట్టడాలన్నీ, ఫొటోల్లో ఒకేలా కనిపిస్తాయి. సున్నం కొట్టిన గోడ, నల్లటి దూలాలు, గుమ్మం పైన గాలికి ఊగే బొమ్మ బోర్డు, కిటికీ అవతల పడవలు. చాలామంది ఆ ఫొటో చూసి ఊరు ఖాయం చేసుకుంటారు, ఊళ్ళో పేరున్న ఇన్ను చూసుకుంటారు, గది మాత్రం ఏదిస్తే అది తీసుకుంటారు. చెయిన్ హోటల్లో అలా చేసినా నష్టం లేదు; అక్కడ ఒక గదికీ ఇంకో గదికీ తేడా నంబరే. మూడు నాలుగు వందల ఏళ్ళ కట్టడంలో ఏ రెండు గదులూ ఒకటి కావు. ఒకటి సరిగ్గా బారు నెత్తిన ఉంటుంది, ఒకటి వంటింటి పొగ బయటికి తోసే ఫ్యాను పక్కన, ఒకటి పెరట్లో ఒకప్పటి గుర్రాల సాలలో. ఇంచుమించు ఒకే ధర కట్టిన ఇద్దరిలో ఒకరు హాయిగా నిద్రపోతారు, ఇంకొకరు పదకొండున్నర దాకా కింద నవ్వులు వింటూ దొర్లుతారు. తీరాల పోలిక, యజమానుల పోలిక కింద ఉన్నాయి గానీ, డబ్బు కట్టే ముందు తేల్చుకోవాల్సింది గదే.

అసలు ఇన్ను మీకు కుదురుతుందా

కింద పబ్బు, పైన నాలుగు నుంచి ముప్పై దాకా గదులు. ఇదీ ఇన్ను. దానికి బతుకుతెరువు బారు, వంటిల్లు. గదులు పై రాబడి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. రిసెప్షన్ ఉండదు, బారు దగ్గరే పేరు చెప్పి తాళం తీసుకోవాలి. రాత్రి పన్నెండు దాటాక పిలిస్తే పలికేవాళ్ళు ఉండకపోవచ్చు. పక్క తలుపు తాళం మీ చేతికే ఇస్తారు. లిఫ్టు ఉండదు. ఈ భవనాల్లో చాలావాటికి చట్టం కింద రక్షిత కట్టడమన్న హోదా ఉంది, కాబట్టి లిఫ్టు పెట్టాలన్నా కిటికీకి జంట అద్దాలు బిగించాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే కిటికీ సందుల్లోంచి గాలి దూరుతుంది, మెట్లు సన్నగా మెలికలు తిరుగుతాయి.

బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ దీనికి దగ్గరి చుట్టం గానీ, అది ఒకరి ఇల్లు. రాత్రి భోజనం ఉండదు, గొడవా ఉండదు. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు అక్కడ పడుకుని ఇన్నుకు భోజనానికి వెళ్ళడం మంచిది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు ఒకే గదిలో సర్దుకోవాలంటే ప్రీమియర్ ఇన్ లాంటి చెయిన్ హోటల్ నయం. పేరులో ఇన్ ఉన్నా అది వేరే జాతి: కుటుంబ గది ఉంటుంది, పెద్దవాళ్ళు బ్రేక్‌ఫాస్ట్ కొంటే పిల్లలకు ఉచితం. పాత ఇన్నులో ఎక్కువ గదులు ఇద్దరికే. నలుగురం చాప వేసుకుని పడుకుంటామంటే కుదరదు. అగ్నిప్రమాద నిబంధనలు ఒప్పుకోవు. మూడో మనిషికి అదనపు మంచం పట్టే గదులు ఇన్నుకు ఒకటో రెండో ఉంటాయి, అవే ముందు నిండిపోతాయి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, వాళ్ళకు మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారం అనుకోండి. వారమంతా ఇన్నులో పెట్టడం వాళ్ళకు శిక్షే. వంటిల్లున్న కాటేజీ తీసుకుని, ఇన్ను కోసం ఒక్క రాత్రి, అదీ నేల గది దొరికితేనే, పెట్టుకోండి. గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా అన్నది చాలామందికి వచ్చే సందేహం. చాలా ఇన్నులు ఒప్పుకోవు. ఇండక్షన్ స్టవ్ మీద పోపు పెడితే మాత్రం ఫైర్ అలారం మోగి ఇన్నంతా వీధిలో నిలబడుతుంది.

ఇంకో మాట. హోటల్ యజమానుల చట్టం 1956 నాటిది. నోటీసు గోడకు పెట్టి ఉంటే, మీ సామాను పోయినప్పుడు యజమాని బాధ్యత ఒక వస్తువుకు 50 పౌండ్లు, మనిషికి మొత్తం 100 పౌండ్లు మించదు. వాళ్ళ తప్పు వల్ల పోతేనో, భద్రపరచమని ముందే అప్పగిస్తేనో ఆ పరిమితి వర్తించదు. కారుకూ కారులో వదిలిన వస్తువులకూ ఆ చట్టం కింద ఏమీ రాదు. నల్లపూసలు, గాజులు ఇంట్లో వదిలి రండి.

ఇన్ను ఎవరిది

తాగని వాళ్ళకు ఇది అనవసరం అనిపిస్తుంది. కాదు. ఇన్ను ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టే పరుపు దగ్గర్నుంచి రద్దు నిబంధన దాకా మారుతుంది.

మొదటి రకం, బీరు కంపెనీ తానే జీతగాళ్ళతో నడిపేవి. కార్న్‌వాల్లో సెయింట్ ఆస్టెల్, సఫోక్‌లో ఆడ్నమ్స్, కెంట్‌లో షెపర్డ్ నీమ్ లాంటి కంపెనీలకు ఇలాంటివి ఉన్నాయి. గదులు ఈమధ్యే బాగుచేసి ఉంటాయి, బుకింగ్ వెబ్‌సైటు సరిగ్గా పనిచేస్తుంది, మెనూ ముందే చూసుకోవచ్చు. కొంచెం మూసలో పోసినట్టుంటాయి. రెండో రకంలో భవనం కంపెనీది, నడిపేది కౌలుదారు. డోర్సెట్‌లో బ్రిడ్‌పోర్ట్ ఊరి పామర్స్ కంపెనీ ఇన్నులు ఎక్కువగా ఈ పద్ధతే. ఇక్కడ బీరు కంపెనీదే ఉండాలి, వంట మాత్రం కౌలుదారు ఇష్టం. కౌలుదారు మారితే ఇన్ను మొత్తం మారిపోతుంది, కాబట్టి ఏడాది దాటిన రివ్యూలు పనికిరావు. మూడోది ఫ్రీ హౌస్, యజమాని సొంతం. అతి మంచి ఇన్నులూ అతి చెత్త ఇన్నులూ ఈ జాబితాలోనే ఉంటాయి. ఫోన్ చేస్తే యజమానే ఎత్తే అవకాశం ఎక్కువ, గది గురించి అడిగితే కచ్చితమైన జవాబు దొరుకుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మొదటి రకం, రెండోసారి నుంచి మూడోది అని మా సలహా.

నక్షత్రాల మాటకొస్తే, ఆటోమొబైల్ అసోసియేషన్ (AA) అనే వాహనదారుల సంస్థ ఇన్నులకు విడిగా రేటింగ్ ఇస్తుంది, గదులున్న రెస్టారెంట్లకు మరో విభాగం ఉంది. ఈ రెండోదాంట్లో రాత్రి భోజనమే ప్రధానం. గది బాగుంటుంది, భోజనం ఖరీదు; పిల్లలతో అయితే ఇబ్బంది.

ప్రతి ఇన్నూ దొంగరవాణా కథ చెబుతుంది. కొన్ని నిజమే. 18వ శతాబ్దంలో ఈ తీరంలో దొంగచాటుగా దిగిన సరుకుల్లో ముఖ్యమైనది టీ పొడి. 1784లో టీ మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించాకే ఆ వ్యాపారం చచ్చింది. మిగతా కథలు గది ధర పెంచడానికి. కట్టడం నిజంగా ఎంత పాతదో తెలియాలంటే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ఉచితంగా ఆన్‌లైన్లో ఉంచిన రక్షిత కట్టడాల జాబితాలో పేరు వెతకండి. ఎంత పాతదైతే గుమ్మం అంత పొట్టి.

తీరాల పోలిక

ఈశాన్య కొసన ఉన్న నార్తంబర్లాండ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మొదటి ప్రయాణానికి మేం చెప్పేది ఇదే. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఆల్న్‌మత్‌కు రైల్లో ఇంచుమించు మూడున్నర గంటలు. అక్కణ్ణుంచి తీరపు ఊళ్ళన్నిటినీ కలుపుతూ ఎక్స్‌18 బస్సు తిరుగుతుంది: క్రాస్టర్, సీహౌసెస్, బామ్‌బరా. కారు లేకపోయినా పని జరుగుతుంది. క్రాస్టర్ నుంచి డన్‌స్టన్‌బరా కోట శిథిలాలకు గడ్డి మీద రెండు కిలోమీటర్ల నడక, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. సీహౌసెస్‌లో ఓల్డ్ షిప్ ఇన్నుకు 1812 నుంచి లైసెన్సు ఉంది. బారు నిండా పడవల దీపాలు, దిక్సూచులు, ఓడల పేరు పలకలు. దాని కిందే రేవు, అక్కణ్ణుంచి ఫార్న్ దీవులకు పడవలు. పఫిన్ పక్షుల కోసం వెళ్ళేవాళ్ళు మే నుంచి జులై మూడో వారం లోపు వెళ్ళాలి, ఆ తర్వాత అవి సముద్రం మీదికి వెళ్ళిపోతాయి. అలలు ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, కాబట్టి ఒక్క రాత్రి కాక రెండు రాత్రులు పెట్టుకుంటే రెండో అవకాశం మిగులుతుంది. ఒక లోపం: చలి. జూన్‌లోనూ సాయంత్రం గాలికి స్వెట్టర్ తప్పదు.

అక్కడికి దగ్గర్లోని హోలీ ఐలండ్‌లో రాత్రి బస వేరే లెక్క. దీవికి వెళ్ళే రోడ్డు రోజుకు రెండుసార్లు పోటు నీట మునుగుతుంది, మునిగిన ప్రతిసారీ ఇంచుమించు ఐదు గంటలు దారి ఉండదు. దాటడానికి భద్రమైన వేళల పట్టిక నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ప్రచురిస్తుంది, ఏ రోజుకు ఆ రోజు వేరు. ఏటా కార్లు మునుగుతూనే ఉంటాయి; నీళ్ళు అప్పుడే రోడ్డెక్కాయి కదా, దాటేద్దాం అనుకున్నవాళ్ళవే అవి. బుక్ చేసేముందు పట్టిక తెరిచి, మీరు చేరే రోజు మధ్యాహ్నం, బయల్దేరే రోజు పొద్దున దారి ఉందో లేదో చూసుకోండి. రైలు టికెట్టు ఆ తర్వాతే. దారి మూసుకునేలోపే పగలు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతారు, దీవంతా మీ సొంతమైపోతుంది. అయితే భోజనం దొరికే చోట్లు మూడు నాలుగే, కాబట్టి గదితో పాటే భోజనం బల్ల కూడా చెప్పి ఉంచాలి.

యార్క్‌షైర్ తీరం ఫొటోల్లో అన్నిటికన్నా అందం, కాళ్ళకు అన్నిటికన్నా కష్టం. రాబిన్ హుడ్స్ బే, స్టెయిత్స్ రెండూ కొండ చీలికలో ఇరుక్కున్న ఊళ్ళు. కారు పైనే ఆపాలి, ఇన్ను కిందెక్కడో సముద్రం ఒడ్డున ఉంటుంది. చక్రాల సూట్‌కేసు వద్దు, వీపు సంచి తీసుకెళ్ళండి. మిగతాది కారులోనే ఉంచండి. రాబిన్ హుడ్స్ బేలో అట్టడుగున ఉన్న బే హోటల్ దగ్గర, దేశాన్ని అడ్డంగా దాటే 192 మైళ్ళ కోస్ట్ టు కోస్ట్ నడక ముగుస్తుంది, అందుకని వేసవి సాయంత్రాల్లో బురద బూట్లతో బారు కిక్కిరిసిపోతుంది. స్కార్‌బరా నుంచి విట్బీకి వెళ్ళే ఎక్స్‌93 బస్సు ఊరి పైభాగంలో ఆగుతుంది.

నార్ఫోక్ ఉత్తర తీరం దీనికి పూర్తి వ్యతిరేకం. అంతా చదును. పెద్దవాళ్ళకూ పిల్లల బండికీ ఇంతకన్నా మంచి తీరం లేదు. బ్రాంకాస్టర్ స్టెయిత్‌లో వైట్ హార్స్, థార్న్‌హమ్‌లో లైఫ్‌బోట్ లాంటివి భోజనానికి పేరున్న ఇన్నులు. అయితే ఇక్కడ కిటికీ తీయగానే అలలు ఉండవు. ముందు ఉప్పు చిత్తడి, దాన్లో పాము మెలికల్లా కాలువలు, ఆ అవతలెక్కడో సముద్రం. సముద్రం చూడ్డానికి డబ్బు కట్టామని గొణిగే రివ్యూలన్నీ ఇది తెలియక రాసినవే. వెల్స్‌లోనూ ఊరి రేవు నుంచి ఇసుక తీరం దాదాపు మైలు దూరం. అమావాస్యకూ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే పెద్ద పోటుకు బ్లేక్నీ రేవులో కార్లు ఆపే స్థలం మీదికి నీళ్ళు వస్తాయి. బ్రాంకాస్టర్ బీచి రోడ్డూ అంతే. చేరగానే ఇన్నులో పోటు వేళ అడిగి కారు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. ఇసుకలో నడిచేటప్పుడు ముందున్న నీళ్ళనే చూస్తే చాలదు. పోటు వెనక కాలువల్లోంచి వచ్చి చుట్టుముడుతుంది. రైలు కింగ్స్ లిన్ దాకా, అక్కణ్ణుంచి తీరం వెంట 36 నంబరు బస్సు. నవంబరు నుంచి జనవరి దాకా బ్లేక్నీ పాయింట్‌లో సీల్ పిల్లలు పుడతాయి, పడవలోంచి చూడొచ్చు; ఆ నెలల్లో గది ధర కూడా తగ్గుతుంది.

సఫోక్‌లో సౌత్‌వోల్డ్, వాల్బర్‌స్విక్, డనిచ్ మూడూ ఒక వారాంతానికి సరిపోతాయి. సౌత్‌వోల్డ్ ఆడ్నమ్స్ కంపెనీ ఊరు, కొంచెం ఖరీదు. నది దాటితే వాల్బర్‌స్విక్‌లో బెల్ ఇన్. మధ్యలో తెడ్లు వేసే పడవ, వేసవి కాలంలోనే. డనిచ్ ఒకప్పుడు పెద్ద ఓడరేవు, 1286 తుఫానుతో మొదలై శతాబ్దాల పాటు సముద్రంలోకి జారిపోయింది. మిగిలిన నాలుగిళ్ళ మధ్య షిప్ ఇన్ ఉంది. అక్కడ చేసేదేమీ లేదు, అదే దాని గొప్ప.

ఈస్ట్ ససెక్స్‌లోని రై అనే ఊరి సంగతి చిన్నగా. కారు లేనివాళ్ళకు, ఒక్క రాత్రే ఉన్నవాళ్ళకు ఇదే జవాబు: లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి రైల్లో, ఆష్‌ఫర్డ్‌లో మారి గంటా పావు. మర్‌మెయిడ్ ఇన్ నేలమాళిగలు 1156 నాటివనీ, పై కట్టడం 1420లో మళ్ళీ లేచిందనీ చెబుతారు. 18వ శతాబ్దంలో హాక్‌హర్స్ట్ దొంగరవాణా ముఠావాళ్ళు ఇక్కడే కూర్చునేవారు. నాలుగు స్తంభాల మంచం గదులు ఉన్నాయి. వీధి అంతా గుండ్రాళ్ళు. సముద్రం మాత్రం కనిపించదు, అది రై నుంచి ఎప్పుడో రెండు మైళ్ళు వెనక్కి పోయింది.

డోర్సెట్ నడిచేవాళ్ళది. సీటౌన్‌లో యాంకర్ ఇన్ పక్కనే 191 మీటర్ల గోల్డెన్ క్యాప్ కొండ, దక్షిణ తీరంలో అన్నిటికన్నా ఎత్తైనది అదే. వానలయ్యాక కొండచరియలు జారి దారి మూసేస్తారు; కొండ అంచు కింద తుండు పరుచుకుని కూర్చోకండి.

ఇక డెవన్, కార్న్‌వాల్. అందరూ అడిగేదిదే, ఆగస్టులో మేం వద్దనేదీ ఇదే. ఇంగ్లండ్ బడి సెలవులు జులై చివరి నుంచి సెప్టెంబరు మొదలు దాకా. ఆ ఆరు వారాలు ధర రెట్టింపు దాకా పోతుంది, సన్న దారుల్లో ఎదురుగా కారొస్తే వెనక్కి నడపడమే పని. రెండు వైపులా మనిషెత్తు కంచెలు. వెనక్కి నడపడం సరిగా రానివాళ్ళు రైలే ఎక్కండి. సెయింట్ ఐవ్స్‌కు సెయింట్ ఎర్త్‌లో మారి వెళ్ళే చిన్న రైలు సముద్రం అంచునే నడుస్తుంది. రేవు మీదే ఉన్న స్లూప్ ఇన్ 1312 నాటిదని చెప్పుకుంటుంది. లిన్‌మత్‌లో గడ్డికప్పు రైజింగ్ సన్ అందమైనదే గానీ, ఆ రేవు ఆటు సమయంలో పూర్తిగా ఎండిపోయి పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉంటాయి, రోజుకు రెండుసార్లు. తూర్పు నుంచి వచ్చే ఏ39 రోడ్డు మీద పోర్లాక్, కౌంటిస్‌బరీ కొండలు నాలుగుకు ఒకటి వాలు. ఆటోమేటిక్ కారులోనూ తక్కువ గేరులోనే దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కుతాయి. క్లొవెల్లీలో వీధిలోకి కార్లే రావు, సామాను చెక్క స్లెడ్జిల మీద లాగుతారు. అక్కడ బస అయితే రేవు దగ్గరి రెడ్ లయన్‌కు సామాను ఎలా చేరుతుందో ముందే మాట్లాడుకోవాలి. కార్న్‌వాల్ తప్పదంటే డిసెంబరులో మౌజ్‌హోల్‌కు వెళ్ళండి. రేవంతా దీపాలు, 23న చేపల తలలు పైకి చూసే స్టార్‌గేజీ పై అనే వంటకం. 19వ తేదీన మాత్రం ఒక గంటసేపు ఆ దీపాలు తగ్గిస్తారు, 1981లో పెన్లీ లైఫ్‌బోట్‌ (ప్రాణరక్షణ పడవ)తో పాటు పోయిన ఊరివాళ్ళ జ్ఞాపకార్థం.

గది

ముందు చప్పుడు. బారు సాధారణంగా 11కి మూస్తారు, జనం కదిలేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. శుక్ర, శని పాటలుంటే ఇంకా ఆలస్యం. పాత నేల అంటే చెక్కల మీద చెక్కలు. మాటలు ఉన్నవి ఉన్నట్టు పైకి వస్తాయి. తర్వాత పొద్దున్నే పీపాల లారీ, ఖాళీ సీసాల డబ్బా. ఈ మూడూ ముందు వైపో పెరటి వైపో ఇన్నును బట్టి మారతాయి, కాబట్టి వెనక గది నిశ్శబ్దంగా ఉంటుందని ఊహించుకోకండి; వంటింటి ఫ్యాను సాధారణంగా వెనకే ఉంటుంది. అన్నిటికన్నా నిశ్శబ్దం పెరట్లో విడిగా ఉన్న గదులు, ఒకప్పుడు గుర్రాల సాలలు. అవి తరచూ నేల గదులే, మోకాళ్ళకు మేలు. దూలాలు, వంకర నేల అక్కడ ఉండవు. పాతదనం కావాలా, నిద్ర కావాలా అన్న ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది. ఒక్క రాత్రికి పాతదనం, రెండు దాటితే నిద్ర.

సముద్రం కనిపించే గదికి రాత్రికి 20 నుంచి 50 పౌండ్లు అదనంగా అడుగుతారు. బుకింగ్ పేజీలో పాక్షికంగా అని ఉంటే కిటికీకి చెవి ఆనించి మెడ వంచితే కనిపిస్తుందని అర్థం. శీతాకాలంలో ఆ డబ్బు దండగ: డిసెంబరులో నార్తంబర్లాండ్‌లో 3.40కే పొద్దు గుంకుతుంది. జూన్‌లో అదే చోట రాత్రి 9.45 దాటినా వెలుతురుంటుంది, తెల్లవారుజామున నాలుగున్నరకే ఎండ కళ్ళలో పడుతుంది. తూర్పు తీరంలో సముద్రం వైపు గది తీసుకుంటే పరదా మందంగా ఉందో లేదో అడగండి. నార్ఫోక్‌లో హన్‌స్టాంటన్ పడమటి ముఖం కాబట్టి అక్కడ ఒక్కచోట సూర్యాస్తమయం సముద్రంలో చూడొచ్చు.

స్నానాల గదిలో కొన్నిచోట్ల తొట్టే ఉంటుంది, షవర్ ఉండదు. వేడి నీళ్ళ కుళాయి, చల్లనీళ్ళ కుళాయి వేరువేరు. అక్కడ ప్లగ్గు ఉండదు, గడ్డం గీసుకునే మిషన్‌కు మాత్రం ఒక చిన్న సాకెట్. హెల్త్ ఫాసెట్ అసలుండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు సంచిలో పెట్టుకోండి. హీటింగ్ ఇన్ను మొత్తానికి ఒకే బాయిలర్ మీద, నిర్ణీత వేళల్లోనే నడిస్తే అర్ధరాత్రి చలేస్తుంది. అదనపు దుప్పటి బారు మూయక ముందే అడిగి తెచ్చుకోండి. కుక్కలను చాలా ఇన్నులు బారులోకీ కొన్ని గదుల్లోకీ రానిస్తాయి. కుక్కంటే భయమో అలర్జీయో ఉంటే, కుక్కలను పెట్టని గది కావాలని బుకింగ్‌లోనే రాయాలి.

వంటిల్లు ఎప్పుడు మూస్తారు, దేనిలో వేయిస్తారు

ఎక్కువ ప్రయాణాలు చెడేది ఇక్కడే. వంటిల్లు మధ్యాహ్నం 12 నుంచి 2.30, సాయంత్రం 6 నుంచి 8.30 లేదా 9. బారు 11 దాకా తెరిచి ఉంటుంది గానీ 9.10కి చేరితే దొరికేది చిప్స్ ప్యాకెట్టే, పల్లెటూళ్ళో ఇంకో హోటలూ ఉండదు. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ (కాల్చిన మాంసం భోజనం) నాలుగైదు గంటల దాకా పెట్టి రాత్రికి చాలాచోట్ల వంట మానేస్తారు. గదులు చవగ్గా దొరికే రాత్రి ఆదివారమే కావడం తమాషా. ఆదివారం బుక్ చేస్తే రాత్రి భోజనం ఉందా అని విడిగా అడిగి తీరాలి. చలికాలంలో సోమ, మంగళవారాలకూ ఇదే మాట.

బల్ల దగ్గరికి ఎవరూ రాకపోతే అవమానం కాదు. బల్ల నంబరు చూసుకుని బారు దగ్గరికి వెళ్ళి చెప్పాలి, చాలాచోట్ల అప్పుడే డబ్బు కట్టాలి. తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, టీ అడగొచ్చు. బారులో టిప్పు ఆనవాయితీ లేదు, బల్ల దగ్గర వడ్డిస్తే పది శాతం, బిల్లులో సర్వీస్ చార్జి వేసి ఉంటే అదీ అక్కర్లేదు. పిల్లల్ని రాత్రి తొమ్మిది తర్వాత బారు గదిలో ఉండనివ్వని ఇన్నులు చాలా ఉన్నాయి.

గొడ్డుమాంసం తినని వాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. యార్క్‌షైర్‌లోనూ ఉత్తరాదిలో చాలాచోట్లా చేపనూ, చిప్స్ అని పిలిచే లావు బంగాళాదుంప ముక్కలనూ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. అదే రుచి అని గర్వంగా చెప్పుకుంటారు. మెనూలో 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగితే చెప్పడం చట్టం, కానీ ఆ జాబితాలో గొడ్డు కొవ్వూ పంది కొవ్వూ లేవు. కాబట్టి అలర్జీ పట్టిక చూసి ఊరుకోకుండా దేనిలో వేయిస్తారని నోటితో అడగాలి. రోస్ట్ దుంపలు బాతు కొవ్వులో, యార్క్‌షైర్ పుడ్డింగ్ గొడ్డు కొవ్వులో కాల్చడం మామూలే. శాకాహారులు చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేయిస్తారా అనీ అడగాలి. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ పళ్ళెంలో నల్లగా గుండ్రంగా ఉండేది పంది నెత్తురుతో చేసిన బ్లాక్ పుడ్డింగ్.

చేపలు తినేవాళ్ళకు మాత్రం ఇది పండగే, ఊరిని బట్టి అడిగితే. క్రోమర్ పీత మార్చి నుంచి అక్టోబరు దాకా. డిప్పలోనే సర్ది చల్లగా ఇస్తారు, వేడి ఇగురు ఊహించుకోకండి. బ్రాంకాస్టర్ మసెల్స్ (ఒక రకం ఆల్చిప్పలు) సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా. వాటిని వైన్‌లోనో సైడర్‌లోనో ఉడికిస్తారు, మద్యం ముట్టనివాళ్ళు ముందే చెప్పాలి. క్రాస్టర్ కిప్పర్ అంటే పొగబెట్టిన హెరింగ్ చేప, ఉప్పు చేప ఇష్టపడేవాళ్ళకు వెంటనే నచ్చుతుంది.

బుకింగ్

ఇద్దరికి బ్రేక్‌ఫాస్ట్‌తో మామూలు గది రాత్రికి 110 నుంచి 180 పౌండ్లు అనుకోండి, నైరుతి తీరంలో ఆగస్టు సముద్రం గది 200 దాటుతుంది. వారాంతాల్లో రెండు రాత్రులు తప్పనిసరి అనే చోట్లు ఎక్కువ. ఖాళీలు వెతకడానికి బుకింగ్ సైట్లు వాడండి, బుక్ చేసేది మాత్రం నేరుగా ఇన్నుతోనే. సైటుకు కమీషన్ పోదు కాబట్టి ఇన్నువాళ్ళు గది ఎంచుకోనిస్తారు, ఒక్కోసారి ధరా తగ్గిస్తారు. సైటు నుంచి వచ్చిన బుకింగ్‌కు మిగిలిన గది పడుతుంది. మధ్యాహ్నం మూడు, ఐదు గంటల మధ్య ఫోన్ చేస్తే బారులో రద్దీ ఉండదు. అడగాల్సినవి ఇవి:

గది నంబరో పేరో ఏమిటి, దాని కింద ఏముంది? వీధి తలుపు నుంచి గదికి ఎన్ని మెట్లు? ఆ రోజు పాటలు గానీ పెళ్ళి విందు గానీ ఉన్నాయా? వంటిల్లు ఎన్నింటికి మూస్తారు, మాకు ఏడింటికి బల్ల ఉంచుతారా? కారు ఎక్కడ, పోటుకు అక్కడికి నీళ్ళొస్తాయా? షవర్ ఉందా? చిప్స్ దేనిలో వేయిస్తారు?

జవాబులు ఈమెయిల్లో రాయించుకోండి, గది నంబరుతో సహా. గది తాళం ఇవ్వడం సాధారణంగా మధ్యాహ్నం మూడు నుంచి. ఆరు దాటేలా ఉంటే ఫోన్ చేయాలి, లేకపోతే ఎవరో తాళం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోతారు. పొద్దున్నే రైలుంటే బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదికి ముందు దొరకదు, పొట్లం కట్టివ్వమని ముందు రాత్రే చెప్పాలి. రద్దు గడువు ఒక్కోచోట 48 గంటలు, ఒక్కోచోట 14 రోజులు. జనవరిలో కొన్ని ఇన్నులు రెండు మూడు వారాలు రంగులకూ సెలవులకూ పూర్తిగా మూస్తాయి, వెబ్‌సైట్‌లో గది ఖాళీగా కనిపించినా ఆ నెలకు ఫోన్ చేశాకే టికెట్లు కొనండి.